బాగానే ఉన్నాడట

డిసెంబరు 31 రాత్రి పన్నెండు కాగానే మద్రాసు హార్బరులో ఉన్న ఓడలన్నీ ఒక్కసారిగా హారన్లు మోగించేవి. మా ఇల్లు రాయపురంలో, కల్‌మండపానికి రెండు వీధుల అవతల. కిటికీ రెక్కలు సన్నగా అదిరేవి. చెల్లెలు చెవులు మూసుకునేది. అమ్మ "అయిపోయిందిలే, పడుకోండి" అనేది. నాన్న మాత్రం లేచి కూర్చుని, ఒక్కో మోతా శ్రద్ధగా విని, "ఇది పెద్దది. బయటి డాక్‌లో ఉండుంటుంది" అనేవారు.

నాన్న తంబుచెట్టి వీధిలో ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో గుమాస్తా. ముప్పై ఏళ్లు బిల్ ఆఫ్ లేడింగులు, అంటే ఓడ సరుకు రసీదులు, రాశారు. ఏ ఓడ ఏ బెర్తులో ఉందో, ఏ పెట్టెలు ఏ షెడ్డుకి చేరాయో ఇంట్లో కూర్చుని చెప్పగలిగేవారు. ఓడ మాత్రం ఒక్కటీ ఎక్కలేదు. "ఎక్కాల్సిన పనేముంది? కాగితాలు మన దగ్గరికే వస్తాయి కదా" అనేవారు.

కాగితం మీది ఓడ కాదు, నిజం ఓడ కావాలనే నేను సముద్రం మీదికి పోయానని చాలాకాలం అందరికీ చెప్పాను. వినడానికి బాగుంటుంది. అసలు సంగతి, ఇంజనీరింగ్ సీటు రాలేదు. పక్కవీధి అబ్బాయి ఒకడు తెల్ల యూనిఫారం వేసుకుని, విదేశీ సెంటు కొట్టుకుని సెలవుల్లో వచ్చాడు. అంతే.

బొంబాయిలో కొన్ని నెలలు ట్రైనింగ్. అక్కడ్నించి ఇంటికి ఇంగ్లీషులో ఉత్తరాలు రాసేవాణ్ణి. ఎందుకంటే నాకు వేరే దారి లేదు. బళ్లో తమిళం, ఇంగ్లీషు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా అది నోటి వరకే. నాన్న కూడా మద్రాసులోనే పుట్టి పెరిగారు, ఆయనకీ తెలుగు చదవడం రాదు. అమ్మది గూడూరు. ఏడో తరగతి దాకా తెలుగులో చదువుకుంది. ఇంగ్లీషు రాదు, తమిళం అయితే బస్సు బోర్డు మేరకి. మద్రాసు తెలుగిళ్లల్లో ఇదేమీ వింత కాదు. ఒకే ఇంట్లో అందరూ ఒక భాషలో పోట్లాడుకుంటారు, ఉత్తరం రాయాల్సి వస్తే తలో దిక్కూ చూస్తారు.

కాబట్టి నా ఉత్తరాలు నాన్న చదివి అమ్మకి తెలుగులో చెప్పేవారు. మధ్యలో సెలవుకి వచ్చినప్పుడు చెల్లెలు నవ్వుతూ అసలు విషయం బయటపెట్టింది. నల్లుల గురించీ, జ్వరం గురించీ, ఐదు కిలోలు తగ్గడం గురించీ నేను రెండు పేజీలు రాస్తే, నాన్న మొత్తం మనసులో చదువుకుని, కాగితం మడిచి, "బాగానే ఉన్నాడట" అనేవారట.

"అంత ఉత్తరంలో అదేనా ఉంది?" అని అమ్మ.

"మిగతావన్నీ ఆఫీసు సంగతులు."

నేను కూడా నవ్వేశాను.

1992 జనవరి, భోగి రోజు. నా మొదటి ఓడ భారతి డాక్‌లో ఇనుప ఖనిజం ఎక్కించుకుంటోంది. బళ్లారి, హోస్పేట వైపు నుంచి రైళ్లలో వచ్చే ఎర్రటి ఖనిజం, కన్వేయర్ బెల్టుల మీద వచ్చి ఓడ కడుపులోకి జారేది. పోయేది జపానుకి, అక్కడి ఉక్కు ఫ్యాక్టరీలకి. (ఇప్పుడదంతా లేదు. హైకోర్టు ఆదేశంతో 2011 అక్టోబరు నుంచి చెన్నై హార్బరులో బొగ్గు, ఇనుప ఖనిజం పని ఆగిపోయింది. ఆ ఎరుపు నా మొదటి జత బూట్లకి అంటుకుని చివరిదాకా వదల్లేదు.)

పొద్దున అమ్మ కాళికాంబాళ్ గుడిలో నా పేరున అర్చన చేయించింది. గోత్రం చెప్పి, "స్వాతీ నక్షత్రం" అంది. ఆ మాట చిన్నప్పట్నించీ వింటూనే ఉన్నాను, బియ్యం కార్డు నంబరు లాగ. ఒక సీసా అల్లం పచ్చడి, ఒక కుంకుమ పొట్లం సంచీలో పెట్టింది. నాన్న ఆఫీసుకి సెలవు పెట్టి హార్బరు గేటు దాకా వచ్చారు. లోపలికి రావాలంటే పాస్ కావాలి. ఆయన తలుచుకుంటే పాస్ ఎంతసేపు, ఆ గేటు దగ్గర అందరూ తెలిసినవాళ్లే. అడగలేదు. "డ్రాఫ్ట్ సరిగ్గా చదువు. ఒక్క సెంటీమీటరు తప్పు చదివితే యాభై, అరవై టన్నులు తేడా వస్తుంది లెక్కలో" అని మాత్రం చెప్పి వెళ్లిపోయారు. (డ్రాఫ్ట్ అంటే ఓడ నీళ్లలో ఎంత లోతుకి మునిగిందో చెప్పే కొలత.) కొడుకు మొదటిసారి దేశం దాటుతుంటే తండ్రి చెప్పే మాట అదా అని నాకు బాగా కోపమొచ్చింది.

చీకటి పడ్డాక బయల్దేరాం. టగ్గులు వదిలేశాయి, హార్బరు దాటించే పైలట్ దిగిపోయాడు. ఊరంతా భోగి పొగ ఇంకా పల్చగా కమ్ముకుని ఉంది. బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే గదిలో, చీఫ్ ఆఫీసరు వెనక్కి చూపించి, "ఆ లైటేది?" అని అడిగాడు. ఆయనది కలకత్తా. గట్టిగా మాట్లాడడు, నవ్వడు కూడా.

"మెరీనా లైట్‌హౌస్ సార్."

"అది నాకూ తెలుసు. ఎలా మెరుస్తుంది?"

నాకు తెలీదు. ఆ లైట్‌హౌస్ 1977లో వచ్చింది, అంటే నేను పలక పట్టుకున్న రోజుల నుంచీ అక్కడే ఉంది. బీచికి పోయిన ప్రతిసారీ దాని కిందే మొక్కజొన్న పొత్తులు తిన్నాను. ఆయన స్టాప్‌వాచ్ నా చేతిలో పెట్టాడు. లెక్కపెట్టాను. రెండు మెరుపులు, తర్వాత చీకటి, మళ్లీ రెండు. మొత్తం పది సెకన్లు. "ఊరివాడివి, నువ్వు నాకు చెప్పాలి" అని చార్టు వైపు తిరిగిపోయాడు. ఆ లైటు దాదాపు రెండు గంటలు మా వెనకాలే వచ్చింది. నేను ఆ రెండు గంటలూ లెక్కపెడుతూనే ఉన్నాను, అప్పుడిక ఎవరూ అడక్కపోయినా.

మద్రాసు నుంచి జపానుకి దాదాపు 4500 నాటికల్ మైళ్లు. మా ఓడ గంటకి పన్నెండు మైళ్లు పోయేది. అంతా బాగుంటే పదహారు రోజులు. మాకు ఇరవై పట్టింది, ఎందుకో చెప్తాను.

నాది చీఫ్ ఆఫీసరుతో నాలుగు నుంచి ఎనిమిది వాచ్, అంటే బ్రిడ్జి మీద డ్యూటీ, తెల్లవారుజామున ఒకటి, సాయంత్రం ఒకటి. మధ్యలో పగలంతా డెక్ మీద సుత్తి పట్టుకుని తుప్పు కొట్టడం, దాని మీద రెడ్ లెడ్ రంగు పూయడం. రెండో రోజు సుత్తి బొటనవేలి మీద పడి "అబ్బా, అమ్మా!" అని అరిచాను. వెనక నుంచి ఎవరో, "మన తెలుగోరేనాండీ?" అన్నారు.

ఆయన మా సారంగు. డెక్ మీది కళాసీలందరికీ పెద్ద. తాళ్లరేవు దగ్గరి మనిషి, యాభై దాటిన వయసు. వాళ్ల తాతలు చెక్క ఓడలు కట్టేవాళ్లట. ఆ పక్కనే కోరంగి. ఒకప్పుడు అక్కడి రేవు నుంచి ఎంతమంది పోయారో, బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలనే పిలిచేవాళ్లు. నేను మద్రాసని చెప్పగానే, "అదీ సంగతి. మీది అరవ తెలుగండీ, ఆయ్" అని మహా ఆనందంగా నవ్వాడు. నా తెలుగుకి యాస ఉందని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. ఓడలో నలభై మందికి పైగా ఉంటే తెలుగువాళ్లం నలుగురం. ఆ నలుగురిలోనూ నా తెలుగే అందరికీ కాలక్షేపం.

ఆ రోజు తిథి చూడ్డానికని ఆయన కేబిన్లో పంచాంగం తీశాడు. నూనె మరకల అట్ట మీద సంవత్సరం పేరు ఉంది. చదవమన్నాడు. "ప్ర... జో..." దగ్గర ఆగిపోయాను. అమ్మమ్మ గూడూరులో ఎండాకాలం సెలవుల్లో గుణింతాలు నేర్పింది. ఒత్తుల దాకా వచ్చేసరికి సెలవులు అయిపోయాయి. ఆ తర్వాతి ఏడు అమ్మమ్మ లేదు.

"ప్రజోత్పత్తి అండీ. ప్రజోత్పత్తి నామ సంవత్సరం" అన్నాడు సారంగు. ఐదో తరగతి చదివిన మనిషి. భుజం మీద చారల బిళ్లలు పెట్టుకుని నేను నుంచున్నాను.

ఇప్పుడు నక్షత్రాల సంగతి చెప్పాలి. ఈ కుర్రాళ్లకి జీపీఎస్ ఉంది, ఫోనులో కూడా ఉంది. అప్పుడు మా ఓడలో ఉన్న శాట్‌నావ్, ఉపగ్రహం నెత్తి మీద నుంచి పోయినప్పుడే ఓడ ఎక్కడుందో చెప్పేది. దానికోసం ఒక్కోసారి గంటకి పైగా కాచుకోవాలి. చీఫ్ ఆఫీసరుకి దాని మీద నమ్మకం లేదు. రోజూ తెల్లవారుజామున, సాయంత్రం సెక్స్‌టెంట్ తీసేవాడు. చుక్క సముద్రపు అంచుకి ఎంత ఎత్తులో ఉందో కొలవాలి. చీకటిగా ఉంటే అంచు కనబడదు, వెలుగొచ్చేస్తే చుక్క కనబడదు. రెండూ కనబడేది మధ్యలో ఓ ఇరవై నిమిషాలు. ఆయన "స్టాప్" అన్న క్షణాన నేను టైము రాయాలి. భూమధ్యరేఖ దగ్గర నాలుగు సెకన్లు తప్పు రాస్తే ఓడ ఒక మైలు పక్కకి జరిగిపోతుంది, కాగితం మీద. నాన్న సెంటీమీటరు లెక్క గుర్తొచ్చి ఒళ్లు మండేది.

మూడో రోజో నాలుగో రోజో తెల్లవారుజామున, నికోబార్ దగ్గర పడుతున్నాం. తూర్పున వేగుచుక్క దీపంలా ఉంది. చీఫ్ ఆఫీసరు ఒక్కో చుక్కా చూపించి పేరు చెప్తున్నాడు. స్పైకా. అంటారెస్. నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉన్న నారింజ రంగు చుక్కని చూపించి "ఆర్క్‌ట్యూరస్" అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, "మీ ఇంట్లో స్వాతి అంటారేమో" అన్నాడు.

నేను స్టాప్‌వాచ్ వదిలేసినంత పని చేశాను. "స్వాతి నా నక్షత్రం సార్."

"అయితే చూడు మరి" అన్నాడు.

చూశాను. పందొమ్మిదేళ్లు గుడుల్లో పూజారులకి చెప్తూ వచ్చిన మాట ఆకాశంలో ఒక చోటు అని నాకు నిజంగా తెలీదు. తెలిసినవాళ్లకి నవ్వొస్తుంది. రాయపురం ఆకాశంలోనూ అది రోజూ వచ్చేదే కదా. మా డాబా మీదే ఎన్నో రాత్రులు పడుకున్నాను. వాచ్ దిగగానే సారంగు దగ్గరికి పోయి పంచాంగం అడిగాను. అశ్విని నుంచి రేవతి దాకా ఇరవయ్యేడు పేర్లు ఒక కాగితం మీద రాసుకున్నాను, రాసుకున్నానంటే, చూసి బొమ్మలు గీసినట్టు గీశాను. చీఫ్ ఆఫీసరుకి తెలిసినవన్నీ పక్కన ఇంగ్లీషులో చేర్చాను. రోహిణి అంటే ఆల్డెబరాన్. మఖ అంటే రెగ్యులస్. చిత్త అంటే స్పైకా, జ్యేష్ఠ అంటే అంటారెస్.

నా ఒత్తుల చదువు అలా మొదలైంది. కృత్తిక, ఆర్ద్ర, ఆశ్లేష, పుబ్బ, హస్త, జ్యేష్ఠ. పుస్తకం రాసినవాడు కూడా ఇంత కష్టమైన వరస పెట్టడు. జ్యేష్ఠలో షకి ఠ కింద పెట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. "చుక్కని కొలవడం కన్నా దాని పేరు రాయడమే కష్టంలాగుంది మీకు" అని సారంగు ఒకటే నవ్వు.

గ్రేట్ నికోబార్ కొనన ఇందిరా పాయింట్ లైటు కనిపించింది. మన దేశపు లైట్లలో చివరిది. (2004 సునామీలో అక్కడ నేలే నాలుగు మీటర్లకి పైగా కుంగింది. లైట్‌హౌస్ నీళ్లలో నుంచుని ఉన్న ఫోటో చూసినప్పుడు, తెలిసినవాళ్లెవరో మెడలోతు నీళ్లలో ఉన్నట్టు అనిపించింది.) ధ్రువనక్షత్రం మద్రాసులో పదమూడు డిగ్రీల ఎత్తున ఉండేది కాస్తా ఇక్కడ ఆరుకి దిగింది. ఏ అక్షాంశంలో ఉంటే అంత ఎత్తులో కనిపిస్తుందది. సింగపూరు దగ్గర ఒక్క డిగ్రీ. అంటే మబ్బుల్లో, మంచులో కలిసిపోయి ఇక లేనట్టే. కదలనివాడు ధ్రువుడని అమ్మమ్మ చెప్పిన కథ మీద ఆ రోజు కొంచెం అనుమానం వచ్చింది.

మలక్కా జలసంధి నిండా ఓడలే, మౌంట్ రోడ్డు లాగ. పున్నమి వెన్నెల. రాత్రుళ్లు దొంగలెక్కకుండా డెక్ చుట్టూ ఫైర్ హోసులు పరిచి నీళ్లు వదిలి కాపలా కాశాం. ఎవరూ రాలేదు. సారంగు మాత్రం రెండు రాత్రులూ గొడ్డలి పక్కన పెట్టుకునే టీ తాగాడు.

సింగపూరు దాటాక అసలు కథ.

జనవరిలో దక్షిణ చైనా సముద్రంలో ఈశాన్య రుతుపవనం ఎదురుగా కొడుతుంది. మేం పోవాల్సిందీ ఈశాన్యానికే. ఖనిజం బరువైన సరుకు. హోల్డు, అంటే సరుకు నింపే గది, దాని అడుగున కొంచెం కుప్ప పోస్తేనే ఓడ మునగాల్సినంత మునిగిపోతుంది. పైనంతా ఖాళీ. బరువంతా అడుగున ఉన్న ఓడ ఉయ్యాల్లా ఊగదు. పక్కకి వాలగానే ఎవరో జుట్టు పట్టుకుని లాగినట్టు వెనక్కి లేస్తుంది. ముందువైపు నీళ్లలో దిగిందంటే పచ్చటి నీళ్లు హోల్డు మూతల మీదుగా మా బ్రిడ్జి కింది దాకా వచ్చేవి. ఓడ మొత్తం ఒణికేది. స్పీడు పన్నెండు నుంచి ఏడుకి పడింది. ఇంజనీర్లు మొహాలు మాడ్చుకున్నారు. నాలుగు రోజులు పోయింది అక్కడే.

నేను మొదటి రోజే పడిపోయాను. వాంతులు ఎంతలా అంటే, చివరికి పసరు తప్ప ఏమీ రాలేదు. అయినా వాచ్ తప్పదు. బకెట్టు పక్కన పెట్టుకుని బ్రిడ్జి మీద నుంచునేవాణ్ణి. చీఫ్ ఆఫీసరు ఏమీ అనలేదు, బకెట్టు జారకుండా కాలితో ఆపాడొకసారి. భండారీ, అంటే ఓడ వంటవాడు, ఎండు రొట్టెముక్కలు ఇచ్చాడు. అమ్మ ఇచ్చిన అల్లం పచ్చడి వేలితో నాకేవాణ్ణి, అదొక్కటే లోపల నిలిచేది. కొన్ని రాత్రులు గడియారం అరగంట ముందుకి తిప్పేవాళ్లు. జపాను చేరేసరికి మూడున్నర గంటలు. అంటే అలాంటి రాత్రులు ఏడు. ఆ అరగంట నా నిద్రలోంచే పోయేది. ఇంట్లో ఇప్పుడు టైమెంత అని లెక్క వేసుకోవడం ఒక జబ్బులా పట్టుకుంది. అమ్మ పాలు కాస్తుంటుంది. చెల్లెలు జడ వేసుకుంటుంటుంది.

నాలుగో రోజు పెయింట్ స్టోరులో తలుపు వేసుకుని ఏడ్చాను. ఇందులో దాచేదేం లేదు. జపానులో దిగి, ఒంట్లో బాలేదని చెప్పి ఇంటికి పోదామని నిర్ణయించుకున్నాను. సారంగు టిన్నర్ డబ్బా కోసం వచ్చి తలుపు తీశాడు. చూశాడు. డబ్బా తీసుకుని పోలేదు, దాన్నే బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"ఇంటికి రాశారా బాబూ?"

రాశానన్నాను. సింగపూరు దాటిన రోజే ఒక ఉత్తరం రాసి పెట్టుకున్నాను, ఇంగ్లీషులో.

"ఏమని?"

"బాగున్నానని."

ఆయన కాసేపు ఆలోచించాడు. "మరి ఆ మాత్రానికి ఉత్తరం దేనికండీ? టెలిగ్రాం కొడితే సరిపోద్ది కదా."

ఆయన ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఉత్తరం రాసేవాడు. మిగతా ఇద్దరు తెలుగు కళాసీలవీ ఆయనే రాసి పెట్టేవాడు. పన్నునొప్పి, జీతం, భండారీ పప్పులో ఉప్పు, తుపాను, కలలో వచ్చిన గేదె, అన్నీ. ఏదీ దాచడు. "మా ఆవిడ నాలుగో తరగతండీ. కూడబలుక్కుని చదూతాది. నేను బాగున్నానని రాత్తే నమ్మదు. నడుం నొప్పని రాత్తే, ఓహో బాగానే ఉన్నాడనుకుంటాది."

ఆ రాత్రి పడక మీద దిండు అడ్డం పెట్టుకుని, దొర్లకుండా గోడకి కాళ్లు తన్నిపెట్టి, ఒక విషయం ఆలోచించాను. ఇంగ్లీషులో నేను అబద్ధం రాసింది నాన్న కోసం. నిజం రాసినా ఆయన అమ్మకి చెప్పేది అదే మాట. ఆయన పని నేనే చేసిపెట్టేస్తున్నాను. అమ్మకి నేను ఇంతవరకు ఒక్క ముక్క రాయలేదు. ఆవిడ నుంచి నాకు వచ్చిందీ ఏమీ లేదు, నాన్న ఇంగ్లీషులో చివర ఒక లైను తప్ప: మీ అమ్మ క్షేమం.

మొదట దొంగదారి పట్టాను. తెలుగు మాటలు తమిళ అక్షరాల్లో రాద్దామనుకున్నాను. మద్రాసులో మాలాంటివాళ్లు చాలామంది చేసే పనే అది. కానీ తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం, ప, బలకీ ఒకటే. "బాగున్నాను" అని రాసి మళ్లీ చదివితే "పాకున్నాను" అని కూడా వస్తోంది. ఆ పరిస్థితిలో అదీ నిజమే అనుకోండి. అయినా అమ్మ చదవలేదు. మళ్లీ నాన్న దగ్గరికే పోవాలి.

సారంగు పంచాంగం, నా నక్షత్రాల కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. కావలసిన ఒత్తు ఏ నక్షత్రంలో ఉందో వెతుక్కోవడం. "అన్నం" రాయాలి, నకి నఒత్తు ఏ నక్షత్రంలోనూ లేదు. దానికోసం పంచాంగమంతా తిరగేస్తే పండగల పట్టీలో పున్నమి దగ్గర దొరికింది. "తిప్పుతోంది" అన్న మాటకి పఒత్తు కోసం ఒక మధ్యాహ్నం. "వాంతి"కి ఏమీ అక్కర్లేదు, సున్నా చాలు, అది మాత్రం మొదటిసారే కుదిరింది. ఆరు రోజులు రాశాను ఒకటిన్నర పేజీ. ఓడ కుదుపుకి అక్షరాలు లైను దాటి పోయేవి. సారంగు చూసి కొన్ని దిద్దాడు, కొన్ని దిద్దలేదు. "ఇది తప్పే, కానీ ఉంచెయ్యండి. అమ్మగారు దిద్దుకుంటారు."

మొదటి లైను ఇది: అమ్మా, నాకు బాగా లేదు.

దాని తర్వాత ఏం రాయాలన్నా సులువుగానే వచ్చింది. కడుపు సంగతి, భయం సంగతి, పెయింట్ స్టోరు, దిగిపోదామనుకోవడం. స్వాతిని చూశానని రాశాను. అది నారింజ రంగులో ఉంటుందనీ, జనవరిలో తెల్లవారుజామున డాబా ఎక్కితే నడినెత్తిన కనబడుతుందనీ రాశాను. లైట్‌హౌస్ రెండుసార్లు మెరుస్తుందనీ, ఆ సంగతి నాకు ఊరు వదిలి ఓడెక్కేదాకా తెలీదనీ రాశాను. రాస్తూ ఉంటే నా గురించి నాకే కొన్ని తెలిశాయి. నేను ధైర్యస్తుణ్ణి కాను. కానీ బకెట్టు పట్టుకునైనా నాలుగు గంటలు నుంచోగలను. ఇంగ్లీషులో రాస్తే ఇది బయటికి వచ్చేది కాదు. నాకు ఇంగ్లీషులో గొప్పలు చెప్పడం బాగా వచ్చు. తెలుగులో అంత మాటలు లేవు, ఉన్నవాటితో సరిపెట్టుకోవాలి, అవన్నీ ఇంట్లో వాడే మాటలే.

లూజాన్ జలసంధి దాటాక సముద్రం తగ్గింది. ధ్రువుడు మళ్లీ పైకి లేచాడు, రోజూ కొంచెం. మిజుషిమా చేరేసరికి ముప్పై నాలుగు డిగ్రీలు. చలికి చెవులు తెగిపోతున్నాయి. నేను చూసిన జపాను చాలా తక్కువ: ఖనిజం తోడే పెద్ద పెద్ద తొట్లు, ఒక టెలిఫోన్ బూత్, వేడి కాఫీ డబ్బా ఇచ్చే మెషీను. ఏజెంటు వస్తే ఉత్తరం ఇచ్చాను. కవరు మీద అడ్రసు ఇంగ్లీషులో, పేరు మాత్రం నాన్నది కాదు, అమ్మది. దిగిపోతానని చీఫ్ ఆఫీసరుతో చెప్పాల్సిన రోజు అదే. ఆ రోజు పొద్దున డ్రాఫ్ట్ చదవడానికి నన్నే పంపాడు. మంచులో పడవలోంచి వంగి, అలలు పైకీ కిందికీ పోతుంటే మధ్య అంకె పట్టుకుని చదివాను. సర్వేయరు చదివిందీ నేను చదివిందీ ఒకటే వచ్చింది. ఇక ఆ సంగతి ఎత్తలేదు.

ఆ తర్వాత పదకొండేళ్లు ఓడల మీద తిరిగాను. వాటి గురించి అడిగేవాళ్లుంటే ఇంకెప్పుడైనా. సారంగు మరుసటి ఏడు రిటైరయ్యాడు, పంచాంగం నాకే వదిలేశాడు. తేదీలు పనికిరావు, పేర్లు మారవు కదా అన్నాడు.

జపాను నుంచి ఖాళీగా ఆస్ట్రేలియా పోయాం, బొగ్గు కోసం. న్యూకాసిల్‌లో ఏజెంటు తెచ్చిన ఉత్తరాల కట్టలో నాకు రెండు ఉన్నాయి. ఒకటి నాన్నది, టైపు చేసి ఉంది: ఓడ పొజిషన్ ఆఫీసులో కనుక్కుంటున్నాను, ఇక్కడ అందరూ క్షేమం. రెండోది నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం, నీలం ఇంకు, గుండ్రటి అక్షరాలు. నా పేరు అమ్మ చేతిరాతలో చూడ్డం అదే మొదలు. చదవడానికి నాకు గంట పట్టింది.

ముందు నా తప్పులన్నీ వరసగా రాసి దిద్దింది. పదిహేడు. నాన్నగారి ఆఫీసుకి రాసే తీరులో కాకుండా మామూలుగా రాశావు, మంచిది, అంది. నిమ్మకాయ జేబులో పెట్టుకో, ఓడ ఊగినప్పుడు గోరుతో గిచ్చి వాసన చూడు. వంటాయనతో మంచిగా ఉండు. ఆ తాళ్లరేవు ఆయనకి నా నమస్కారాలు చెప్పు. డాబా ఎక్కి చూశాను, మబ్బుగా ఉంది, మర్నాడు మళ్లీ ఎక్కాను, కనబడింది, నువ్వు చెప్పినట్టే నారింజ రంగు. చెల్లిని లేపి చూపించాను, తిట్టింది.

చివర, కాగితం అంచున, చోటు చాలక అడ్డంగా ఇంకొన్ని లైన్లు ఉన్నాయి.

"నీ ఉత్తరం మీ నాన్నకి చదవడం రాదు కదా. రెండుసార్లు తిప్పి చూసి నాకిచ్చారు. ఏం రాశాడు అని అడిగారు. ఆయనకి ఈమధ్య రాత్రుళ్లు సరిగా నిద్ర పట్టట్లేదు, పేపర్లో ఓడల పట్టీ చూసుకుంటూ కూర్చుంటున్నారు. బాగానే ఉన్నాడట అని చెప్పాను."